సీసాలో దాగని పరిమళం: గోల్కొండ తానీషా

జుమా రోజు తెల్లవారగానే మన ఇళ్లలో సందడి మొదలవుతుంది. స్నానాలు, ఉతికిన బట్టలు, కంటికి సుర్మా, చెవి వెనుక అత్తరు. మగవాళ్లు మస్జిదుకు బయలుదేరి వెళ్లాక కూడా ఆ పరిమళం కాసేపు గడప దగ్గరే నిలిచి ఉంటుంది. ఇది మన పెద్దలు సరదాకు అలవాటు చేసుకున్నది కాదు. జుమా రోజున స్నానం చేసి, ఇంట్లో ఉన్న పరిమళాన్ని పూసుకుని నమాజుకు రావాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఎవరైనా పరిమళం ఇస్తే ఆయన కాదనేవారు కారని హదీసుల ద్వారా మనకు తెలుస్తోంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని కూడా ఆయన హెచ్చరించారు. మన ఒంటి వాసన, మన ఇంటి వాసన పక్కవాడిని బాధించకూడదన్నదే ఇందులోని పరమార్థం.

వాడవాడలా మస్జిదులు కట్టి, వాటిని శుభ్రంగా, సువాసనగా ఉంచాలని ప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ధూపం వేసుకునేటప్పుడు ఒకసారి వట్టి అగరు చెక్క వేసేవారు, మరోసారి దానికి కాస్త కర్పూరం జోడించేవారు. ప్రవక్త (స) పద్ధతి అదేనని చెప్పేవారు. మదీనాలోని ప్రవక్త మస్జిదులో ధూపం వేసే పని కారణంగా నుఐమ్ బిన్ అబ్దుల్లాహ్ అనే హదీసువేత్తకు అల్ ముజ్మిర్, అంటే ధూపం వేసేవాడు, అన్న పేరే స్థిరపడింది.

అరేబియాలో మొదలైన ఈ సంప్రదాయం సముద్రాలు దాటి మన గోదావరి ఒడ్డుదాకా వచ్చింది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున బతికే మనకు దానితో ముడిపడిన ఒక పేరుంది. ఆ పేరు తానీషా. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా. హరికథల్లో, సినిమాల్లో ఆయన రామదాసును చెరలో పెట్టించిన నవాబుగా కనిపిస్తారు. హిందీ, ఉర్దూ భాషల్లో తానాషా అనే మాటకు నియంత అన్న అర్థం స్థిరపడిపోయింది. సున్నితమైనవాడని గురువు ముద్దుగా పిలిచిన పేరు చివరికి నిరంకుశుడికి మారుపేరు కావడం చరిత్రలోని ఒక విచిత్రం. ఆ సుల్తాను జీవితాన్ని, ఆ కాలపు ఇళ్లు పరిమళించిన తీరును కలిపి ఈ వారం చెప్పుకుందాం.

గురువు నీడలో

అబుల్ హసన్ కుతుబ్ షాహీ వంశానికి దూరపు బంధువు. రాజరక్తం ఉన్నా రాజభోగం లేదు. యౌవనంలోనే ఆయన హైదరాబాదులోని సూఫీ గురువు హజ్రత్ షా రాజూ హుస్సేనీ గారి ఖాన్‌ఖాహ్‌లో చేరారు. షా రాజూ గారు గుల్బర్గా హజ్రత్ ఖ్వాజా బందానవాజ్ వంశీకులు. ఆ గురువు నీడలో అబుల్ హసన్ దాదాపు 14 ఏళ్లు గడిపారని చరిత్రకారులు రాశారు. మెత్తని స్వభావం, సన్నని గొంతు, పసివాడి వంటి మనసు చూసి గురువుగారే ఆయనను తానాషా అని పిలిచారని ప్రతీతి. తెలుగువారి నోట అదే తానీషా అయింది.

ఖాన్‌ఖాహ్ బతుకు ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. ధనికుడూ బీదవాడూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటారు. వచ్చినవాడి కులం, మతం అడగరు. గురువారం సాయంత్రం ఊదు వెలిగిస్తారు. ఈ పద్ధతి దక్కనులో నేటికీ ఉంది. ఊదు పొగ గదిలోకి వచ్చిన ప్రతివారినీ ఒకేలా తాకుతుంది. ముందు వరుసలో కూర్చున్న అమీరుకు ఎక్కువ, గుమ్మం దగ్గర నిలబడ్డ ఫకీరుకు తక్కువ అన్న లెక్క దానికి లేదు. అబుల్ హసన్ రాజ్యపాలనలో కనిపించిన ఉదారతకు పునాది ఇటువంటి చోటనే పడిందని మేము నమ్ముతున్నాం.

అనుకోని సింహాసనం

అప్పటి సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు మగసంతానం లేదు. ముగ్గురు కుమార్తెలు. ఒక అల్లుడు ఔరంగజేబు కుమారుడు ముహమ్మద్ సుల్తాన్. మరొక అల్లుడు నిజాముద్దీన్ అహ్మద్ దర్బారులో పలుకుబడి ఉన్నవాడు. మూడవ కుమార్తెను సయ్యద్ సుల్తాన్ అనే యువకుడికి ఇవ్వాలని అంతా సిద్ధం చేశారు. నిజాముద్దీన్ అహ్మద్ అందుకు ససేమిరా అన్నాడు. ఆ పెళ్లి జరిగితే గోల్కొండ వదిలి పోతానని బెదిరించాడు. పెళ్లి ఏర్పాట్లు పూర్తయ్యాయి, పెళ్లికొడుకు మాత్రం లేడు. అప్పుడు అందరికీ ఖాన్‌ఖాహ్‌లో ఉన్న అబుల్ హసన్ గుర్తుకొచ్చారు. అప్పటికప్పుడు పిలిపించి, స్నానం చేయించి, పెళ్లి బట్టలు తొడిగి నికాహ్ జరిపించారు.

1672లో అబ్దుల్లా కుతుబ్ షా కన్నుమూశారు. అల్లుళ్ల మధ్య వారసత్వపు పోటీ వచ్చింది. సేనాని సయ్యద్ ముజఫర్, అంతఃపుర అధికారి మూసా ఖాన్ వంటివారు అబుల్ హసన్ పక్షాన నిలిచారు. నిన్నటిదాకా గురువు వాకిట్లో ఉన్న మనిషి గోల్కొండ సుల్తాను అయ్యారు. గురువును మాత్రం ఆయన మరచిపోలేదు. హైదరాబాద్ ఫతే దర్వాజా దగ్గర షా రాజూ గారి సమాధిపై కనిపించే ఎత్తయిన గుంబదు నిర్మాణం ఆయన చేతుల మీదుగా మొదలైందే.

గోల్కొండ ఇళ్లలో సువాసన

ఆ కాలంలో గోల్కొండ రాజ్యపు ముఖద్వారం మచిలీపట్నం రేవు. సుమత్రా నుంచి సాంబ్రాణి, తూర్పు దీవుల నుంచి గంధపు చెక్క, కర్పూరం, ఇరాన్ నుంచి పన్నీరు ఆ రేవులో దిగేవి. అక్కడి నుంచి బండ్ల మీద హైదరాబాద్ బజార్లకు చేరేవి. పొరుగు రాజ్యం బీజాపూరులో రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా కాలంలో ఇత్రె నౌరస్ షాహీ అనే పారశీక గ్రంథమే పరిమళాల తయారీ మీద వెలువడింది. దక్కనులో పరిమళం ఎంత గౌరవం పొందిన విద్యో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఉర్దూ పుస్తకాలలో తానీషా గారి నాజూకుతనం గురించి, సున్నితమైన అభిరుచుల గురించి కథలకు కొదవ లేదు.

ఈ విద్యకు మూలం ఇంకా పాతది. 9వ శతాబ్దంలో బాగ్దాదుకు చెందిన తత్త్వవేత్త అల్ కిందీ పరిమళాల రసాయన విద్య మీద, బట్టీపట్టే పద్ధతుల మీద ఒక గ్రంథం రాశారు. అందులో నూరుకు పైగా తయారీలు ఉన్నాయి. బట్టీపట్టడం అంటే పూలను నీటితో కలిపి రాగి పాత్రలో మూత బిగించి మరిగించడం. నీటి ఆవిరి పూలలోని సువాసన నూనెను వెంట తీసుకుని గొట్టం గుండా వెళ్తుంది. చల్లని పాత్రలో మళ్లీ ద్రవంగా మారుతుంది. ఆ నీరే పన్నీరు. దాని మీద పలుచగా తేలే నూనె అసలైన గులాబీ అత్తరు. కిలో గులాబీ నూనె రావాలంటే సుమారు మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. మొగలు చక్రవర్తి జహంగీర్ ఈ అత్తరు ఘనతను తన అత్తగారు, నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఆపాదించి తన ఆత్మకథలో రాసుకున్నారు. కనౌజ్‌లో నేటికీ రాగి డేగ్, వెదురు గొట్టం, భప్కా అనే పాత్రతో అత్తరు తీస్తున్నారు. అక్కడ ఆవిరిని పట్టడానికి భప్కాలో ముందుగా గంధపు నూనె పోసి ఉంచుతారు.

ఇంట్లో ఆ సువాసనను పరచడానికి దక్కనులో నాలుగు దారులు ఉండేవి. నాలుగూ మన ఇళ్లలో నేటికీ పనికివచ్చేవే.

మొదటిది ధూపం. అరబ్బీలో ఊద్ అంటే అగరు చెక్క. అగరు చెట్టుకు ఒక రకం బూజు సోకినప్పుడు లోపల ఊరే నల్లని జిగురే దాని సువాసనకు కారణం. మన పల్లెల్లో సాంబ్రాణి వేయడాన్ని కూడా ఊదు వేయడమనే అంటారు. సాంబ్రాణి వేరు, అగరు వేరు. మన అడవుల్లో దొరికే అందుగు బంక మరొకటి. కొండగుగ్గిలం అని కూడా పిలిచే ఈ చెట్టు అరబ్బుల లోబాన్ చెట్టుకు దగ్గరి చుట్టం. కాండం మీద గాటు పెడితే కారే బంక ఎండాక నిప్పు మీద చక్కని వాసన ఇస్తుంది. అగరు కొనలేని ఇంటికి అడవి ఇచ్చిన ఊదు ఇది.

ధూపం వేయడంలో ఒక కిటుకు ఉంది. భగభగమండే నిప్పు మీద వేస్తే బంక మాడిపోతుంది, పొగ తప్ప పరిమళం మిగలదు. నిప్పులు బాగా రాజుకున్నాక పైన పలుచని బూడిద పొర కట్టే వరకు ఆగాలి. ఆ బూడిద మీద గోరంత ముక్క వేయాలి. పరిమళం లేవడానికి వెచ్చదనం చాలు, మంట అక్కర్లేదు.

రెండవది చల్లడం. సన్నని మెడ, చిల్లుల మూత ఉండే పన్నీరు బుడ్డిని ఉర్దూలో గులాబ్‌పాష్ అంటారు. పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర నిలబడి అతిథుల మీద పన్నీరు చల్లడం మనకు తెలిసిందే. ఇంట్లో తెరల మీద, దుప్పట్ల మీద కాస్త పన్నీరు చల్లితే నిప్పు, పొగ లేకుండానే గది సువాసనగా ఉంటుంది.

మూడవది అత్తరు. దూది ఉండను అత్తరులో ముంచి చెవి మడతలో పెట్టుకోవడం పాత అలవాటు. ఇంటికి కూడా అదే పద్ధతి పనిచేస్తుంది. చిన్న దూది ఉండ మీద రెండు చుక్కలు వేసి బీరువాలో, ముసల్లా మడతలో, ఖురాన్ షరీఫ్ ఉంచే అలమర మూలన పెడితే రోజుల తరబడి నిలుస్తుంది. కాల్చిన మట్టి ముక్క నూనెను పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. పగిలిన కొత్త కుండ పెంకు కూడా ఇందుకు చాలు. వెడల్పాటి గిన్నెలో వేడినీళ్లు పోసి రెండు మూడు చుక్కలు వేస్తే నూనె పైకి తేలి, ఆవిరితో పాటు గదంతా పరుచుకుంటుంది.

నాలుగవది వట్టివేళ్లు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఎండలకు పెద్దలు కనిపెట్టిన విరుగుడు వట్టివేళ్ల తడిక. కిటికీకి కట్టి నీళ్లు చల్లితే, వేడిగాలి తడిలోంచి దూరి చల్లబడుతుంది, వేళ్లలోని నూనెను వెంట తెస్తుంది. ఆ నూనె బరువైనది, త్వరగా ఎగిరిపోదు. అందుకే ఒక తడిక వేసవి పొడుగునా వాసన ఇస్తుంది.

నేడు బజారులో కరెంటు మీద నడిచే డిఫ్యూజర్లు వచ్చాయి. నీళ్లలో నాలుగు చుక్కల నూనె వేస్తే కంపనాలతో ఆ నీటిని మంచులా మార్చి గదిలోకి వదులుతాయి. సన్నని పుల్లలను నూనె సీసాలో ముంచి పెట్టే రకాలూ ఉన్నాయి. రూపం మారినా సూత్రం పాతదే. నూనెను కాల్చకూడదు, గాలికి అందించాలి.

తల్లులు గుర్తుంచుకోవలసిన మాటలు

పరిమళం మేలు చేయాలి గాని కీడు చేయకూడదు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకూడదు. చలికాలం రాత్రుళ్లలో ఇది మరీ ప్రమాదం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఊదు సువాసనలో అది అసలే తెలియదు. నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. ధూపం వేస్తే ఒక కిటికీ తెరిచే ఉంచాలి. పని అయ్యాక నిప్పులను బయట ఆర్పివేయాలి.

పురిటి గదిలో తల్లికి, బిడ్డకు దట్టంగా పొగ వేయడం మన ప్రాంతంలో ఉన్న అలవాటు. పసిబిడ్డ ఊపిరితిత్తులు ఆ పొగను తట్టుకోలేవు. ఉబ్బసం ఉన్నవారికీ పొగ పడదు. అటువంటి ఇళ్లలో పన్నీరు, దూది, వట్టివేళ్లే మేలు. కర్పూరం, నీలగిరి తైలం పిల్లలకు అందకుండా పైన పెట్టాలి. పొరపాటున మింగితే కొద్దిపాటి మోతాదు కూడా పిల్లలకు విషమే. అత్తరు ఎంత మంచిదైనా దీపం దగ్గర పెట్టకూడదు. సువాసన నూనెలు నిప్పు అంటుకునే గుణం కలవి.

ఇక ఖర్చు సంగతి. దుబారాను అల్లాహ్ ఇష్టపడడని ఖురాన్ మనకు బోధిస్తోంది. ఒక్క చుక్కతో పనయ్యే చోట సీసా ఒంపనక్కర్లేదు. పొరుగింటి పొయ్యి వెలగనప్పుడు మన ఇంట్లో ఖరీదైన అగరు పొగ లేవడం అందం కాదు.

భద్రాద్రి తలంబ్రాలలో పన్నీరు

మళ్లీ సుల్తాను దగ్గరికి వద్దాం. రాజ్యభారాన్ని మోయడానికి అబుల్ హసన్ ఎంచుకున్న మంత్రి మాదన్న. ఆయన అన్న అక్కన్న. బ్రాహ్మణులను ఇంత పెద్ద పదవుల్లో కూర్చోబెట్టడం దర్బారులో కొందరికి కంటగింపు అయింది. సుల్తాను మాత్రం ప్రతిభను చూశారు, మతాన్ని చూడలేదు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనను ఘనంగా ఆదరించి ఒప్పందం చేసుకున్నారు. కోస్తా పర్యటనలో భాగవతుల నాట్యం చూసి మెచ్చి కూచిపూడి గ్రామాన్ని వారికి ఇనాముగా ఇచ్చారని ప్రసిద్ధి.

మన ఖమ్మం వైపు వస్తే, నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వచ్చారు. భద్రాచలంలో రామాలయం కట్టించారు. అందుకు ఖజానాకు చేరవలసిన పన్ను సొమ్ము వాడారన్న ఆరోపణ మీద గోల్కొండ కోటలో చెరపాలయ్యారు. ఆ చెర 12 ఏళ్లని సంప్రదాయం చెబుతోంది. ఆయన బాకీని సాక్షాత్తూ రామలక్ష్మణులే వచ్చి తీర్చారన్నది హిందూ సోదరుల విశ్వాసం. దాన్ని మనం గౌరవిద్దాం. చరిత్ర వైపు నుంచి మాత్రం రెండు సంగతులు గమనించాలి. ప్రజల నుంచి వసూలైన సొమ్ము అమానతు. మంత్రి మేనల్లుడైనా లెక్క చెప్పవలసిందే అన్నది ఏ పాలకుడికైనా తప్పని ధర్మం. చివరికి అదే సుల్తాను గోపన్నను గౌరవంగా విడిచిపెట్టారు. ఆలయానికి భూముల ఆదాయం కేటాయించారు. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాలు పంపే ఆనవాయితీ పెట్టారు. ఈ ఆనవాయితీని నేడు రాష్ట్ర ప్రభుత్వం కొనసాగిస్తోంది.

మా ఉద్దేశంలో ముత్యాలకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మిగతా చోట్ల పెళ్లి తలంబ్రాలు పసుపు రంగులో ఉంటాయి. భద్రాచలంలో గులాబీ ఛాయలో ఉంటాయి. బియ్యంలో పసుపు, నెయ్యితో పాటు గులాలు, బుక్కా, పన్నీరు, సుగంధ ద్రవ్యాలు కలుపుతారు. ఈ గులాలు కలిపే పద్ధతి తానీషా కాలం నుంచే వచ్చిందని భద్రాచలం వాసులు చెప్పుకుంటారు. మన నికాహ్‌లో అతిథుల మీద చల్లే పన్నీరు, వారి కల్యాణంలో అక్షతలకు అద్దే పన్నీరు ఒకటే. వారి ఆరాధన వారిది, మన ఆరాధన మనది. ఇరుగుపొరుగు మర్యాద మాత్రం ఇద్దరిదీ. ముత్యం పెట్టెలో దాగుతుంది. పన్నీరు మాత్రం కలిసిన ప్రతి గింజకూ తన వాసన ఇచ్చి వెళ్తుంది.

ఎనిమిది నెలల ముట్టడి

మొగలు చక్రవర్తి ఔరంగజేబు చూపు చాలా కాలంగా దక్కను మీద ఉంది. మరాఠాలకు సాయం చేస్తున్నారని, అధికారమంతా మాదన్న, అక్కన్నల చేతిలో పెట్టారని గోల్కొండ మీద ఆయన నింద మోపారు. 1685లో మొగలు సైన్యాలు హైదరాబాదు నగరాన్ని ఆక్రమించాయి. సుల్తాను కోటలోకి చేరారు. 1686లో గోల్కొండ వీధుల్లోనే మాదన్న, అక్కన్నలు హత్యకు గురయ్యారు. 1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను చుట్టుముట్టారు.

ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. వానలు ముంచెత్తాయి. తిండి గింజలు కరువయ్యాయి. మొగలు శిబిరంలో ఆకలికి, అంటురోగాలకు జనం గుట్టలుగా పోయారు. ఒకప్పుడు అగరు, అత్తరుతో పేరుపొందిన నగరం చుట్టూ శవాల దుర్గంధం అలముకుంది. రెండు వైపులా చనిపోయినవారిలో కలిమా చదివినవారు వేలల్లో ఉన్నారు. యుద్ధం ఇంటికి తెచ్చే వాసన ఇదే.

1687 సెప్టెంబరు 21 రాత్రి కోటలోని అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి లొంగి తలుపు తెరిచాడు. మరో సర్దారు అబ్దుర్రజాక్ లారీ లొంగలేదు. మొగలులు చూపిన ఆశలను ముందే తోసిపుచ్చిన ఆ విధేయుడు, కొద్దిమందితో తలుపు దగ్గర నిలిచి 70 దాకా గాయాలు తగిలి పడిపోయేదాకా పోరాడాడు. అతని విధేయతకు ఔరంగజేబే ముగ్ధుడై తన వైద్యులను పంపి బతికించాడు. మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవాడితో పోల్చారు ప్రవక్త (స). అతని దగ్గర కొనకపోయినా కాసేపు కూర్చుంటే పరిమళం అంటుతుంది. అబుల్ హసన్‌కు అటువంటి తోడు ఒకటి చివరిదాకా దక్కింది.

ఆ తెల్లవారుజామున మొగలు సర్దార్లు అంతఃపురంలోకి వచ్చేసరికి సుల్తాను ఏడుస్తున్న ఆడవారిని ఓదారుస్తున్నారు. ఆ తర్వాత నిదానంగా వచ్చి సర్దార్లను మర్యాదగా కూర్చోబెట్టారు. రోజూ తినే వేళకు భోజనం తెప్పించుకుని, వారిని కూడా ఆహ్వానించారు. ఇటువంటి ఘడియలో తిండి ఎలా సహిస్తుందని వారు ఆశ్చర్యపోయారు. కష్టమైనా సుఖమైనా అల్లాహ్ ఇచ్చిందేనని, ఫకీరుగా బతికిన తనను సింహాసనం ఎక్కించినవాడే నేడు దించుతున్నాడని, దానికి ఫిర్యాదు లేదని ఆయన వారికి నచ్చజెప్పారని ఆనాటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. షా రాజూ ఖాన్‌ఖాహ్‌లో నేర్చిన పాఠం ఆ పూట అక్కరకు వచ్చింది.

చివరి మజిలీ

అబుల్ హసన్‌ను దౌలతాబాదు కోటకు తరలించి చీనీ మహల్ అనే భవనంలో ఉంచారు. ఖర్చులకు ఏటా 50,000 రూపాయలు ఇచ్చారు. దాదాపు 12 ఏళ్లు అక్కడే బందీగా గడిపి 17వ శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో కన్నుమూశారు. హైదరాబాదులో ఆయన పూర్వీకులందరికీ ఎత్తయిన గుంబదులున్నాయి. ఆయనకు మాత్రం మహారాష్ట్రలోని ఖుల్దాబాదులో, హజ్రత్ బందానవాజ్ తండ్రిగారైన షా రాజూ ఖత్తాల్ సమాధి దాపున నిరాడంబరమైన చోటు దక్కింది. గురువు వంశ మూలపురుషుడి పాదాల చెంతకే శిష్యుడు చేరుకున్నాడు.

1707లో ఔరంగజేబు కూడా కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం అదే ఖుల్దాబాదులో, పైకప్పు లేని మట్టి సమాధిలో ఖననం చేశారు. ఆ మట్టి మీద సబ్జా మొక్క పెంచారు. ఆకు నలిపితే చాలు, సువాసన ఇచ్చే మొక్క అది. గెలిచినవాడూ ఓడినవాడూ నేడు ఒకే ఊరి మట్టిలో ఇరుగుపొరుగుగా ఉన్నారు. ఒకరి కోటలు కూలాయి, మరొకరి సామ్రాజ్యం చీలిపోయింది. ఇద్దరికీ మిగిలింది ఆరడుగుల నేల, వారి వెంట వెళ్లిన అమళ్లు.

సోదర సోదరీమణులారా, తానీషా పాలనలో లోపాలు లేవని మేము అనడం లేదు. సైన్యాన్ని నిర్లక్ష్యం చేశారని, విలాసాలకు సమయం ఇచ్చారని చరిత్రకారులు ఎత్తిచూపారు. ఆ మాటల్లో నిజం ఉంది. అయినా 300 ఏళ్ల తర్వాత మన అడవి అంచున ఆయన పేరు బతికి ఉన్నది ఫిరంగుల వల్ల కాదు, వజ్రాల వల్ల కాదు. తన మతం కాని వారి పెళ్లిపందిరికి ఆయన గుప్పెడు ముత్యాలు, కాస్త పన్నీటి పరిమళం పంపారు. ఆ ఒక్క పంపకం ఆయన కోటకన్నా ఎక్కువ కాలం నిలిచింది.

ఈ సాయంత్రం మన ఇంట్లో పన్నీరు చల్లినా, ఊదు వేసినా, కిటికీ తెరిచే వేద్దాం. పొగ నిలవకుండా పోవడానికి అది అవసరం. పరిమళం పక్కింటికి చేరడానికీ అది అవసరం. ఆ పక్కింట్లో ఎవరున్నారని అడగవద్దు. మన ఇళ్లను శుభ్రంగా, మన నడతను సువాసనగా, మన పొరుగును సుఖంగా ఉంచమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.